రాతికి తొడిగిన చర్మం

తలుపుకున్న సీలు తీసిన కానిస్టేబుల్ గడప దాటి లోపలికి రానన్నాడు.

"నేనీడే ఉంటా మేడమ్. ఆ ముఖం కండ్లు మూసుకోనే మనల్ని చూస్తాది."

షమీమ్ అతన్ని బలవంతపెట్టలేదు. చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కతే లోపలికి వెళ్లింది. ఒక్కతే వెళ్లడం ఆమెకు అలవాటైపోయింది. ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి, భర్త పోయాక ఆ ఉద్యోగం వదిలేసి, నంద్యాలలో ఓ విత్తనాల కొట్టు పైన డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కొన్ని వారాలు ఆ మెట్లెక్కి పాలవాడు తప్ప ఇంకెవరూ రారు. ఇంటికి పోయినా అంతే. మాట్లాడే మనిషి లేకపోతే గొంతు కూడా బిగుసుకుపోతుందని ఆమెకు ఈ మధ్యే తెలిసింది.

ఈ గది ఆళ్లగడ్డలో, శిల్పి రాజరత్నం ఆచారి పనిచేసే ఆవరణ వెనకాల ఉంది. అద్దెకు తీసుకున్నది దీక్షిత అనే యువతి. హైదరాబాద్‌లో బొమ్మలు వేయడం చదువుకుని, తర్వాత ప్రాణమున్న కణాలతో కళ చేయడం నేర్చుకుంది. దుమ్ము రాకూడదని కిటికీలకు ప్లాస్టిక్ అంటించుకుని, లోపల గడియ పెట్టుకుని, నేల మీద చాప పరుచుకుని ఇక్కడే పడుకునేది. మంగళవారం పొద్దున ఎంత పిలిచినా పలక్కపోతే తలుపు పగలగొట్టారు. చాప మీదే చనిపోయి ఉంది. కణాలు పెంచే పెట్టెకున్న కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ లీకై ఊపిరాడక పోయిందని పోలీసులు రాసుకున్నారు.

మూలన బీరువాలాంటి ఆ పెట్టె, ఇంక్యుబేటర్, సన్నగా రొద చేస్తోంది. షమీమ్ వంగి అద్దంలోంచి చూసింది.

కొబ్బరికాయంత నల్లరాతి ముఖం. ఆడపిల్లది. కళ్లు మూసుకుని ఉంది. గడ్డం నుంచి ఎడమ చెంప సగం దాకా రాయి కనిపించడం లేదు. అక్కడ చర్మం ఉంది. రంగు వేసింది కాదు, రబ్బరు కాదు. పల్చగా, తడిగా, లేత గోధుమరంగులో రాయిని పట్టుకుని పైకి పాకుతున్న చర్మం. నుదుటి దగ్గర రాయి ఇంకా నల్లగానే ఉంది. ఎడమ కనుబొమ్మ మీద ఒక గాటు చెక్కి ఉంది.

కణాలను నంద్యాలలోని 'మార్దవ' అనే చర్మ వైద్యశాల ఇచ్చిందనీ, ఎవరో ఇష్టపూర్వకంగా దానం చేసినవనీ ప్రదర్శన కోసం అచ్చు వేయించిన కార్డు చెబుతోంది. ప్రదర్శన జరగలేదు. కానీ దీక్షిత పోకముందే బొమ్మ ఫోటో పేపర్లో పడింది. ఆ ఫోటో పట్టుకునే నంద్యాలలో పరుపులు కుట్టే హుస్సేన్ పీరా షమీమ్ ఆఫీసు మెట్లెక్కాడు. అది తన కూతురు షంషున్నీసా ముఖమని అతని మాట. షంషున్నీసా మార్దవలో ల్యాబ్ టెక్నీషియన్. రెండేళ్ల కిందట ఆ వైద్యశాల స్టోర్ రూమ్ అంటుకున్నప్పుడు కాలిపోయింది. కాళ్ల పట్టీలు చూసి శవాన్ని అప్పగించారు. ఆ పిల్ల చర్మం ఎవరినడిగి ఉంచుకున్నారో తేల్చమని అతను కోర్టుకెక్కాడు. అతని తరఫు నిపుణురాలిగా గది చూడడానికి, నమూనాలు తీసుకోవడానికి మేజిస్ట్రేట్ షమీమ్‌కు అనుమతి ఇచ్చారు.

ఆమె చిన్న ఫ్రిజ్ తెరిచింది. గులాబిరంగు పోషకద్రవం సీసాలు వరసగా ఉన్నాయి. వాటి వెనక వేలెడంత సీసా ఒకటి. అందులో పెసరబద్దంత చర్మపు ముక్క తేలుతోంది. దాని మీద రెండు నూగు వెంట్రుకలు. షమీమ్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. దాచిపెట్టిన చర్మమైతే గడ్డకట్టించి ఉండాలి. ఇలా ఫ్రిజ్‌లో ఎందుకుంది? దాన్ని ఐసు పెట్టెలో భద్రం చేసుకుని, గోడలు చూడడం మొదలుపెట్టింది.

గ్యాస్ అలారం పైకప్పుకు జానెడు కింద బిగించి ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, అదే గోడను కిందినుంచి అరచేత్తో తడిమింది. మోకాలెత్తులో రెండు బెజ్జాలు చేతికి తగిలాయి. లోపల సున్నం ఇంకా తెల్లగా ఉంది.

బయటికొచ్చి రాజరత్నాన్ని పిలిచింది. ఆయన ఉలి పక్కన పెట్టి, తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. షమీమ్ కళ్లలోకి చూడకుండా ఆమె చేతి తొడుగుల్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఆ ముఖం చెక్కింది మీరేనా?"

"నేనే మేడమ్."

"రాతి మీద చర్మం మొలిపిస్తారని తెలిసే చెక్కినారా?"

"వద్దని చెప్పినా. మేము విగ్రహానికి ఆఖర్న కండ్లు తెరుస్తాం. దానికొక పూజ, ఒక ముహూర్తం ఉండాది. ఈ పాప తోలు మొలిపిస్తా అంటే నాకు ఒళ్లు జలదరించె."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

ఆయన తుండుగుడ్డ మడత పెట్టుకున్నాడు. "ఒంటి మనిషి మేడమ్. అమ్మానాయనా లేరు. యా పొద్దూ ఒకరొచ్చి పలకరించింది ల్యా. మా ఇంట్లో సంగటి తింటా ఒకసారి అడిగింది. 'ఆచారన్నా, రాయి తాకితే చల్లగుంటాది గదా, అది వెచ్చగుంటే జనం దాన్ని బొమ్మంటారా, మనిషంటారా' అని. నేనేం చెప్పల్ల? కాదనలేకపోయినా."

"ఆ ముఖం ఎవరిది?"

"తెలీదు."

"తెలీకుండా అంత తీరుగా చెక్కినారా? కనుబొమ్మ మీద గాటుతో సహా?"

రాజరత్నం గదివైపు చూసి గొంతు తగ్గించాడు. "మొదట ముఖమే వద్దనింది. కోడిగుడ్డు మాదిరి నున్నంగా ఉంటే చాలనింది. పోయిన నెల నంద్యాలకు పోయొచ్చినాక, చేత్తో బొమ్మ గీసుకొచ్చి ఈ ముఖమే కావాలనింది. ఆ గాటు సరిగ్గా అట్లే రావాలని రెండుసార్లు దిద్దించింది. ఎవరమ్మా అని అడిగితే, 'ఎవరో ఒకరు గుర్తుపట్టాల ఆచారన్నా' అనింది. అంతే."

"ఆ గీసిన బొమ్మ ఏది?"

"ఆమెనే కాల్చేసింది."

షమీమ్ తలుపులోంచి గోడ మీదికి చూపించింది. తర్వాత మెల్లగా అడిగింది. "గోడ మీది అలారం పైకి ఎవరు మార్చినారు?"

"సీఐ సారు అది అడగల్యా."

"నేను అడుగుతాండా."

ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. "మార్దవ వాళ్ల మనిషి. ఆదివారం ఐసు పెట్టెలో చిన్న సీసా ఒకటి తెచ్చి ఆ పాపకిచ్చినాడు. మిషను చూడాలని లోపల చానా సేపు ఉన్నాడు. నిచ్చెన నా దగ్గరే అడిగి తీస్కపోయినాడు. కింద ఉంటే తడి తగిలి చెడిపోతాది, రెండు దినాలు పైన ఉండనీ అని ఆ పాపకు చెప్తాంటే విన్యా."

"ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నిచ్చెన నాది. గది నాది. చెప్తే నా మెడకే సుట్టుకుంటాది అనుకున్యా మేడమ్."

వాకిట్లో జీపు ఆగింది. సీఐ విజయభాస్కర్ దిగాడు. వెనకాలే ఆసుపత్రి చెత్త తీసుకెళ్లే పసుపుపచ్చ వ్యాన్ ఆగింది. ల్యాబులో ఉన్న రోజుల్లో షమీమ్ ఇచ్చిన ఒక రిపోర్టు వల్ల విజయభాస్కర్ కేసు ఒకటి కోర్టులో వీగిపోయింది. అది అతను మరిచిపోలేదు.

"ఏం మేడమ్, రాళ్లతో మాట్లాడుతాండారా?"

"మనుషుల కంటే అవే నయం సార్. అడిగినదానికి ఎదురు ప్రశ్న వేయవు."

"ఈడ అడిగేదానికి ఏముంది? గొట్టం వదులైంది, గ్యాస్ లీకైంది. లోపల గడి పెట్టుండాది. ఇంగ దొంగ యాడినుంచి వస్తాడు?"

"అలారం ఎందుకు మోగలేదు?"

"చెడిపోయింటాది."

"రండి, చూద్దాం."

షమీమ్ రాజరత్నం నిచ్చెన తెప్పించి, అలారం ఊడదీసి, నేల మీద పెట్టింది. తలుపు బార్లా తెరిచి ఉంచి, సిలిండర్ గొట్టం దాని దగ్గరికి తెచ్చి, మర కొంచెం తిప్పింది. అలారం చెవులు చిల్లులు పడేలా అరిచింది. గుమ్మంలోని కానిస్టేబుల్ ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. ఆమె మర కట్టేసింది.

"చెడిపోలేదు సార్. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు. నీళ్ల మాదిరి నేల నుంచి పైకి నిండుతాది. అది ఆ పైకప్పు దాకా చేరేలోపల చాప మీద పడుకున్న మనిషి అయిపోతాది. కింద ఈ బెజ్జాలు చూడండి. దీక్షితకు ఆ సంగతి తెలుసు కాబట్టే మొదట ఇక్కడ పెట్టుకుంది. తెలిసిన ఇంకొకరు దాన్ని పైకి మార్చినారు."

విజయభాస్కర్ బెజ్జాల్ని చూశాడు. చెంప గోక్కున్నాడు. "ఎవరో తెలీక మార్చింటారు."

"గొట్టం వదులైంది కూడా తెలీకనేనా? రెండూ ఒకే మనిషి వచ్చిపోయినాకే జరిగినాయి. ఆ మనిషిని పంపింది మార్దవ. ఆచారిగారు ఇప్పుడు మీ ముందే చెప్తారు."

సీఐ రాజరత్నం వైపు చూసిన చూపుకు ఆయన తల దించుకున్నాడు. కానీ చెప్పాడు. మొత్తం చెప్పాడు. సీఐ విన్నాడు గానీ వ్యాన్ వాళ్లకు సైగ చేయడం మానలేదు.

"ఆ సంగతి నేను చూసుకుంటా. ముందు ఆ మాంసం ముక్కను తీసెయ్యండి. ఊర్లో జనం ఒకటే గొడవ. విగ్రహానికి దయ్యం పట్టిందని కొందరు, మతం తప్పినారని కొందరు. ఈ పొద్దే కాల్చేస్తాం. ఆసుపత్రి చెత్తకు ఒక పద్ధతుండాది."

షమీమ్ ఇంక్యుబేటర్‌కు అడ్డంగా నిలబడి కోర్టు ఉత్తర్వు చూపించింది. రిపోర్టులు వచ్చేదాకా దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

"ఉన్నది ఉన్నట్టంటే?" సీఐ కాగితం చదివి విసుక్కున్నాడు. "బతికుండాదంటే మనిషి కిందికొస్తాదా? చచ్చిందంటే శవం కిందికొస్తాదా? నేను ఏమని రాసుకోవాల మేడమ్? మీరే చెప్పండి."

"అది తేల్చేది నేను కాదు సార్."

"మరి?"

"అది ఒక మనిషిది. ఆ మనిషిని ఎవరూ అడగలేదు. వాళ్లను అడక్కుండా రాతికి తొడిగింది ఒకరు, అడక్కుండా కాలుస్తామనేది ఇంకొకరు. మనమన్నా కాస్త ఆగుదాం."

అతను కాగితం మడిచి వెనక్కిచ్చి, వ్యాన్ వాళ్లను పొమ్మని చెయ్యి ఊపాడు. వ్యాన్ ఖాళీగా వెళ్లిపోయింది.

కోర్టు ఉంచమన్నది సరే, ఉంచేది ఎవరు? రెండు రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పోయకపోతే ఆ చర్మం చచ్చిపోతుంది. దీక్షిత లేదు. మార్దవ వాళ్లను దగ్గరికి రానివ్వకూడదు. గొట్టం బాగు చేయించి, ఆ పని షమీమ్ తనే పెట్టుకుంది. నంద్యాల బస్టాండులో ఎక్కి, ఆళ్లగడ్డలో దిగి, కానిస్టేబుల్ సీలు తీస్తే లోపలికి పోయి, అద్దం తెరిచి, గులాబిరంగు ద్రవం మార్చేది. పని అరగంటలో అయిపోయేది. ఆమె మాత్రం ఇంకో గంట అక్కడే స్టూలు మీద కూర్చునేది. రెండోసారి వచ్చినప్పుడు చర్మం చెంప దాటి ముక్కు పక్కకు చేరింది. మూడోసారి, "ఈ పొద్దు బస్సులో నిలబడేదానికి కూడా చోటు లేదు," అని తను పైకే అనడం విని తనే ఉలిక్కిపడింది. భర్త పోయిన తర్వాత ఇంట్లో ఎవరితోనూ ఇలాంటి మాట అనలేదు.

దీక్షిత కూడా ఇలాగే మాట్లాడి ఉంటుందా? అప్పు తెచ్చుకున్న ప్రాణంతో, పేరు కూడా తెలియని మనిషి చెంపతో?

ఆ తర్వాతి సారి హుస్సేన్ పీరా తనూ వస్తానన్నాడు. బస్సులో దారి పొడుగునా చొక్కా మీద అతుక్కున్న దూది పోగుల్ని ఏరుకుంటూ కూర్చున్నాడు. గదిలోకి వచ్చాక అద్దం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మా షంషునే," అన్నాడు చాలాసేపటికి. "గడ్డం వాళ్లమ్మది. ముక్కు నాది." తర్వాత అతని వేలు అద్దం మీద ఒకచోట ఆగింది. "ఈ గాటు ఏందమ్మా? ఫోటోలో కనపళ్యా."

"చిన్నప్పుడు దెబ్బ ఏమన్నా..."

"ల్యా. మా బిడ్డ ముఖం మీద యాడా చిన్న మచ్చ కూడా ల్యా. స్నానం చేయించినోణ్ని, జడేసినోణ్ని, నాకు తెలీదా? వాళ్లమ్మ పోయినాక అన్నీ నేనే గదా."

షమీమ్‌కు అనుమానం మొదలైంది. పోలిక చూసి ఈ మనిషి మోసపోయాడేమో. ఇది ఇంకెవరి బిడ్డ ముఖమో. అతని నోటినుంచి తీసిన నమూనా, రాతిమీది చర్మం, ఫ్రిజ్‌లో దొరికిన ముక్క మూడూ అప్పటికే హైదరాబాద్‌లో ఉన్నాయి. తేలేదాకా ఏమీ అనకూడదని ఊరుకుంది.

"వెచ్చగుంటాదా అమ్మా?" అన్నాడు పీరా.

"మన ఒంటి వేడే ఉంటాది పీరన్నా."

అతను అరచేయి అద్దానికి ఆనించాడు. "మా బిడ్డదైతే, తీస్కపోయి దాని పక్కనే పూడ్చాలని వచ్చినా. ఇప్పుడు చూస్తే ఇది పెరుగుతాండాది. దీన్ని పూడ్చాలంటే ముందు సంపల్లనా?"

షమీమ్ పాత ద్రవం తీసేసింది. కొత్త సీసా మూత తీసి, మెల్లగా పోసింది.

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. హైదరాబాద్ ల్యాబులో షమీమ్ పాత సహోద్యోగి కరుణ. ఆ టైముకు హుస్సేన్ పీరా ఆఫీసులోనే ఉన్నాడు. రిపోర్టు ఆరోజు వస్తుందని తెలిసి అంగడి మూసి వచ్చి, గోడవారగా బెంచీ మీద కూర్చున్నాడు. షమీమ్ తెప్పించిన టీ చల్లారిపోతోంది.

"రాతిమీది చర్మం, సీసాలో ముక్క రెండూ ఒకే మనిషివి," అంది కరుణ. "ఆడపిల్ల. ఆయన కూతురే. ఏ సందేహమూ లేదు."

"కనుబొమ్మ మీద గాటు లేదంటాడే తండ్రి?"

"ఆ గాటు సంగతి నాకు తెలీదు షమీమ్. ఇంకొకటి చెప్పాలి, కూర్చునే ఉన్నావా? ఆ సీసాలో ముక్క నువ్వు పంపిన రోజే మైక్రోస్కోప్ కింద పెట్టాను. అంచుల్లో కణాలు ఇంకా బతికే ఉన్నాయి. గడ్డకట్టించి కరిగించిన చర్మంలో మంచు చీల్చిన గుర్తులు కనిపిస్తాయి. ఇందులో ఒక్కటీ లేదు. ఫ్రిజ్‌లో పెట్టిన ముక్క అన్నాళ్లు ఉండదు. నువ్వు పంపేటప్పటికి దాన్ని కోసి వారం కూడా అయి ఉండదు."

"ఏమన్నా పొరపాటు..."

"మూడుసార్లు చూశాను. చచ్చిపోయిన మనిషి చర్మం కాదది."

షమీమ్ ఫోన్ పెట్టేసింది. కిందినుంచి విత్తనాల కొట్టువాళ్లు బస్తాలు దించుతున్న చప్పుడు వస్తోంది. రెండేళ్ల కిందట నేలలో పెట్టిన పిల్ల ఒంటినుంచి పది పదిహేను రోజుల కిందట చర్మం కోశారు. చావుకు ముందు లేని గాటు ఇప్పుడు కనుబొమ్మ మీద ఉంది. దీక్షిత నంద్యాలకు, మార్దవకు పోయి చూసింది ఫోటోను కాదు. మనిషిని. ఆ మనిషి పేరు చెప్పే ధైర్యమో, చెబితే నమ్మేవాళ్లో లేక, ఆ ముఖాన్ని నల్లరాతిలో చెక్కించి పేపర్లో వేయించింది. ముఖం బయటపడినందుకే ఒకరిని చంపినవాళ్లు, ఆ ముఖమున్న మనిషిని ఇంకెన్నాళ్లు ఉంచుతారు?

ఆమె సీఐ నంబరు కలిపింది. ఎత్తగానే వెటకారంగా ఏదో అన్నాడు. ఆమె పట్టించుకోకుండా మొత్తం చెప్పింది. అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"మార్దవ వాళ్లు రాత్రినుంచి సామాన్లు లారీలకెత్తుతాండారు," అన్నాడు విజయభాస్కర్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "రిపేర్లని మాకు కాగితం పెట్టినారు. మీరు ఆడే ఉండండి మేడమ్. నేనూ నంద్యాలలోనే ఉండా, ఇప్పుడే వస్తాండా. జీపులో ఇంకో మనిషికి చోటుంటాది."

షమీమ్ బ్యాగు భుజానికి తగిలించుకుంది. తర్వాత బెంచీ దగ్గరికి వచ్చి హుస్సేన్ పీరా పక్కన కూర్చుంది. నేరుగా చెప్పడం తప్ప ఆమెకు ఇంకో దారి తెలియదు.

"పీరన్నా, ఆ చర్మం మీ బిడ్డదే. కానీ చచ్చిపోయినాక తీసింది కాదు. ముందు తీసి దాచింది కూడా కాదు. పది పదిహేను రోజుల కిందటే కోసినారు. షంషు బతికే ఉంది."

అతను ఏడవలేదు. అరవలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ, విన్నది నిజమా కాదా అని వెతుక్కున్నాడు. నిజమే అని తెలిశాక అతను వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. కింద వీధిలో జీపు హారన్ మోగింది. షమీమ్ లేచి నిలబడింది. అతను ఆమె భుజాన ఉన్న బ్యాగు పట్టుకుని ఆపాడు.

"రెండేండ్లనుంచి ప్రతి శుక్రవారం పోయి కూర్చుంటాండా," అన్నాడు. "మరి ఆ గోరీలో ఉండేది ఎవురి బిడ్డమ్మా?"